చుక్క

పదికి పద్నాలుగు కొడుతోంది గోడ గడియారం.
అయనావరం బడిది. హెడ్మాస్టరు నవ్వుతూనే ఇచ్చి వెళ్లాడు,
పిల్లలు మాత్రం ఇంకో నాలుగు కొట్టినా బాగుండునంటున్నారట.

గంటలు లెక్కపెట్టే చక్రం సంగతి
ఆ పుస్తకంలో ఉంది.
దావూద్ సాయిబు ఒళ్లో పెట్టుకుని నాకు పని నేర్పిన పుస్తకం.
ఎనభై మూడులో ఎవరికో ఎరువిచ్చి
పోయేదాకా ఆ ఎవరి పేరో గుర్తు చేసుకుంటూనే ఉన్నాడు.

వానలో మింట్ వీధి కొట్టు మూసి ఎగ్మోర్ వెళ్లాను.
గ్రంథాలయంలో కార్డుల బీరువాలు
అలిగిన పెద్దముత్తైదువల్లా గోడకేసి తిరిగి ఉన్నాయి.
ఇప్పుడంతా తెర మీద ఆ తెల్ల గడిలో అడగాలట.

అడిగాను, ఎదురుగా మనిషిని అడిగినట్టే:
పచ్చ అట్ట, గడియారాల మరమ్మతు నేర్పేది, తెలుగు, మద్రాసులో అచ్చు.

ఫలితాలు సున్నా.
ముళ్లు ఊడదీసిన డయల్ లాంటి సున్నా.

పూంగుళలి గారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.
తమిళంలో మొదలెట్టి, నా మొహం చూసి
సగం దాకా తెలుగులోకి దిగింది.
‘దానికి రంగులు తెలియవు సార్.
మీరు ఎన్ని మాటలు పెడితే అన్నీ ఒక్కచోట ఉన్నదే కావాలంటుంది,
పెళ్లిచూపులకొచ్చిన మేనత్తలాగా.
ఒక్కటి తగ్గినా లేచిపోతుంది. తీసేయండి.’

తీసేశాను. పచ్చ పోయింది. అట్ట పోయింది.
మద్రాసు పోయింది, అది ఎప్పుడో పోయిందే.
గడియారం ఒక్కటే మిగిలింది.

నాలుగు వందల పన్నెండు.
పిల్లల గేయాలు, పన్నెండు కొట్టగానే జరిగే హత్యలు,
కాలం విలువ మీద ఒక స్వామీజీ ఉపన్యాసాలు, మూడు సంపుటాలు.

‘రాసినాయన పేరు?’
తోకల జ్ఞానాభరణం.
ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. నేను జీతో మొదలెట్టాను,
మన నోట్లో జ్ఞ అంటే గ్నే కదా.
లేడు.
ఆవిడ జేతో కొట్టింది. లేడు.
తమిళ పలుకుబడిలో ఎన్, దాని పక్కన వై. లేడు.
పాపం ఆ జ్ఞానం
గుమాస్తాకో వేషం వేసుకుని ఎక్కడో కూర్చున్నట్టుంది.

‘తల వదిలేయండి సార్, తోక పట్టుకుందాం’ అంది.
ఇంటిపేరులో మూడక్షరాలు కొట్టి
చివర ఒక చుక్క పెట్టింది.
ఆ తర్వాత ఎవరు ఎలా రాసినా సరే అని అర్థమట.
నా బల్ల మీద చుక్కంటే నూనె.
బిగుసుకున్న ఇరుసు మీద ఒక్కటి, సూదిమొనతో.
రెండో చుక్క పడితే దుమ్ము పడుతుంది.

పదకొండు వచ్చాయి. తెలుగు అన్నచోట టిక్కు.
అరవైకి ముందువి అన్నచోట ఇంకో టిక్కు.
రెండు మిగిలాయి. ఒకటి ప్రార్థనల పుస్తకం.
రెండోది
ఘటికా యంత్ర బోధిని.

గడియారం అన్న మాటే దాని పేరులో లేదు!
ఇన్నేళ్లూ పచ్చ పుస్తకం అనే పిలిచాం.
మనం పెట్టుకున్న ముద్దుపేరుతో పిలిస్తే
బడి హాజరులో ఎవరు పలుకుతారు?

‘ఆ నీలం మాట నొక్కండి,
విషయం అన్నదాని కింద. ఒకటి దొరికితే దాని చుట్టాల్ని అడగాలి.’
నొక్కితే నీడ గడియారాలు, ఇసుక గడియారాలు,
రైల్వే స్టేషన్ గడియారాలకి తాళం తిప్పేవాళ్ల కోసం
తమిళంలో ఒక కరపత్రం. అదీ రాసుకున్నాను.

చీటీ మీద బీరువా అంకె వేసి ఇచ్చింది.
వివరాల్లో చివరి గీత చదివాను:
పుటలు అరవై నాలుగు. బొమ్మలు కలవు. అట్ట లేదు.

ముప్ఫై ఒకటో పుటలో చక్రం ఉంది.
నేను ఒక పన్ను తప్పుగా బిగించాను, అంతే.
ఈ పొద్దున పదికి పదే కొట్టింది. పిల్లలు బాధపడతారు.

దావూద్ సాయిబుకి గుర్తురాని ఆ పేరు మిగిలింది.
మొదటి అక్షరం చెప్పిపోయినా
పక్కన చుక్క పెట్టి వెతికేవాణ్ణి.